పెరుగన్నం కేసు

మా ఆస్పత్రి రికార్డుల ప్రకారం గోదావరి డెల్టాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆహారం పెరుగన్నం. నేను హెడ్ సిస్టర్‌గా పనిచేసిన కాలంలో, నూనూగు మీసాల కుర్రాళ్ళు ఎంతమంది పెరుగన్నం తిని స్పృహ తప్పి వచ్చారో చెప్పలేను. పెళ్ళిళ్ళ సీజన్లో మరీ ఎక్కువ. స్ట్రెచర్ దగ్గర నిలబడి "ఏం తిన్నాడండి?" అంటే, "ఏం లేదు సిస్టర్ గారూ, పొద్దున్న పెరుగన్నం తిన్నాడంతే, పడలేదు" అనేవారు. పక్కనున్న ముగ్గురూ తలలూపేవారు. ఆ పెరుగు బీరు వాసన వేస్తుండేది. ఒక్కోసారి విస్కీ వాసన కూడా వేసేది. ఏ గేదె పాలో మరి.

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏంటండి?" అని అడుగుతారు. వాళ్ళు ఏ కష్టమైన పురుడో, తుఫానులో పడవ మీద వెళ్ళి వేసిన ఇంజెక్షనో చెబుతానని చూస్తారు. నేను పెరుగన్నం కేసు చెబుతాను. ముందు నవ్వుతారు. సగం అయ్యేసరికి నవ్వడం మానేస్తారు. మీకూ అదే చెబుతున్నాను.

మాది భీమవరం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. ఒకప్పుడు వరి పండిన చోట ఇప్పుడు చేపలూ రొయ్యలూ పండుతున్నాయి. ఆస్పత్రి మేడ మీద నుంచి ఎటు చూసినా చెరువులే. డబ్బు కూడా ఆ చెరువుల్లోంచే వచ్చింది, దాని వెనకే ఏసీ కార్లూ, కార్ల డిక్కీల్లో సీసాలూ వచ్చాయి.

మా డాక్టరు గారు హస్తవాసి ఉన్న మనిషి. వైద్యంలో ఎవరికీ తీసిపోరు. కానీ గట్టిగా మాట్లాడేవాళ్ళని చూస్తే ఆయనకి గొంతు పెగిలేది కాదు. కేసు షీటు మీద "ఏం రాయమంటారు?" అని పేషెంటు బంధువుల్నే అడిగే డాక్టర్ని నేను ఆయన్నొక్కర్నే చూశాను. హోటల్లో ఆర్డరు తీసుకున్నట్టు ఉండేది.

ఇక మా ఆస్పత్రి కమిటీ చైర్మన్ గారు. ఊళ్ళో సగం చెరువులు ఆయనవే. వార్డులో ఫ్యాన్లన్నీ ఆయన దానమే. రెక్కల మీద పెయింటుతో పేరు కూడా రాయించారు. అవి తిరుగుతుంటే పేరు కనపడదు. కరెంటు పోయి, రోగులు చెమటలు కక్కుతూ పైకి చూసినప్పుడే దాత ఎవరో తెలిసేది. ఆ సమయంలో వాళ్ళు ఆయన్ని తలుచుకునే తీరు ఇక్కడ రాయలేను.

ఒక ఏడు, చిన్న వయసులోనే మందు అలవాటవడం గురించి రాజమండ్రిలో నర్సులకి ట్రైనింగు పెట్టారు. మా డాక్టరు గారు నన్ను పంపించారు. పాఠం చెప్పిన మేడం సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆవిడ ఒక మాట అడిగారు. "పిల్లలు తాగుడు ఎక్కడ మొదలుపెడతారనుకుంటున్నారు?" మేమంతా చెడు స్నేహాలన్నాం, సినిమాలన్నాం, సెల్‌ఫోనన్నాం. ఆవిడ అన్నీ విని, "ఇంటి నుంచి మొదలుపెట్టి బయటికి రండి. మీరు బయటి నుంచి మొదలుపెట్టి ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు" అన్నారు.

ఆ తరవాత ఒక్కొక్కటీ విడమర్చి చెప్పారు. ఇంట్లో సీసా చేతికందే చోట ఉండటం. పెద్దవాళ్ళు పిల్లల ముందే తాగి, అదొక సరదాగా చూపించడం. ఒక్క గుక్కే కదా అని వాళ్ళే రుచి చూపించడం. వయసు అడక్కుండా అమ్మే షాపు. మనసులో దిగులుంటే దాన్ని చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. తాగితే మగాడు అనిపించుకోవచ్చని అనుకోవడం. ఎంత చిన్నప్పుడు మొదలైతే తరవాత మానడం అంత కష్టం అన్నారు. నాకు అందులో కొత్తగా తెలిసింది తక్కువే. కానీ అన్నీ ఒక్కచోట వింటుంటే మా ఊళ్ళో ఒక్కో ఇల్లూ కళ్ళముందు నడిచి వెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు రావులపాలెంలో బస్సు ఆగితే స్టాఫుకి పూతరేకులు కొన్నాను. వాటిని తిన్నంత ఇష్టంగా నేను చెప్పింది వినలేదెవరూ. అయినా పై నుంచి కాగితం వచ్చింది కాబట్టి, దోమతెరలు పడేసే గదిని ఖాళీ చేయించి 'యువత కౌన్సెలింగ్ గది' అని బోర్డు పెట్టాం. గోడకి పెద్ద పుర్రె బొమ్మ పోస్టరు అంటించారు. నాకది నచ్చలేదు. నేను అనుకున్నట్టే కుర్రాళ్ళు కిటికీలోంచి దాంతో సెల్ఫీలు దిగి వెళ్ళారు. గదిలోకి మాత్రం ఒక్కడూ రాలేదు.

ప్రారంభోత్సవం చైర్మన్ గారే చేశారు. రిబ్బను కత్తిరించి, మైకు పట్టుకుని, యువత పాడైపోవడానికి కారణాలు చెప్పారు. సెల్‌ఫోన్లు, సినిమాలు, పడమటి దేశాల సంస్కృతి, తల్లుల గారాబం. ఇంకా రేవు పేట నుంచి వచ్చి స్కూల్లో చేరే పిల్లలు. రేవు పేట అంటే మా ఊరి చివర, కాలవ ఒడ్డున, చేపలు పట్టి బతికే వాళ్ళ పేట. "వాళ్ళ సావాసం వల్ల మన పిల్లలు చెడిపోతున్నారండి. నా సంగతే చూడండి. మా వాడు పదో తరగతి. కొబ్బరినీళ్ళు తప్ప ఇంకోటి ముట్టడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆయన బావమరిది కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆయనే.

ఇక ఆ రోజు సంగతి.

పరీక్షలు దగ్గర పడుతున్న రోజులు. మధ్యాహ్నం ఓపీ అయిపోయి అన్నం డబ్బా విప్పుతున్నాను. బయట బైకు శబ్దం వినిపించింది. క్యాజువాలిటీ మెట్ల మీదకే ఎక్కించేశారు బండిని. నడుపుతున్నది పదహారేళ్ళ కుర్రాడు, రేవు పేటవాడు. వెనక కూర్చున్నది వాళ్ళ నాన్న. చెరువులో నుంచి వచ్చినట్టు ఒళ్ళంతా తడి, బురద. ఇద్దరి మధ్యలో ఇంకో కుర్రాడు, మెడ వాలిపోయి. చైర్మన్ గారి అబ్బాయి.

పెదాలు నీలంగా ఉన్నాయి. గొంతులో గురగుర. చొక్కా నిండా వాంతి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

"ఏం తిన్నాడు?" అని అలవాటు కొద్దీ అడిగాను.

"తినలేదమ్మా, తాగాడు," అన్నాడు ఆ కుర్రాడు.

నా సర్వీసులో ఆ ప్రశ్నకి నిజం చెప్పిన మొదటివాడు వాడే.

పక్కకి తిప్పి పడుకోబెట్టి నోరు శుభ్రం చేశాను. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, షుగరు చూస్తే బాగా పడిపోయి ఉంది. ముందే చెప్పాను కదా, పనిలో ఆయన గట్టి మనిషి. ఆ అరగంటలో ఎవర్నీ ఏమీ అడగలేదు, ఎవరికీ భయపడలేదు. మా వార్డు బాయ్, మనవలున్న మనిషి, కుర్రాడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. కుర్రాడు మూలిగి కళ్ళు తెరిచేసరికి, డాక్టరు గారు గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలారు. "ఇంకాసేపు ఆలస్యమైతే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయేది సిస్టర్" అన్నారు.

నేను బయటికొచ్చి ఆ తండ్రీ కొడుకుల్ని ఏం జరిగిందని అడిగాను.

ఆ రోజు చైర్మన్ గారి పెద్ద చెరువు పట్టుబడి. అంటే చేపలు పట్టి లారీలకి ఎక్కించే రోజు. గట్టు మీద షెడ్డులో బంధువులకీ వ్యాపారులకీ విందు. వలలు లాగే పనికి రేవు పేట వాళ్ళు వెళ్ళారు. ఈ కుర్రాడు తండ్రికి సాయంగా వెళ్ళాడు. ఇద్దరు కుర్రాళ్ళదీ ఒకటే క్లాసు, ఒకటే బెంచీ. షెడ్డులో పెద్దవాళ్ళంతా మందు దగ్గర కూర్చుని ఉంటే, చైర్మన్ గారి అబ్బాయి కూడా కూర్చున్నాడు. కాసేపటికి పడిపోయాడు.

"ఎవరూ పట్టించుకోలేదా?"

"పట్టించుకున్నారమ్మా," అన్నాడు తండ్రి. "మజ్జిగ తాగించమన్నారొకరు. నెత్తిన నీళ్ళు పొయ్యమన్నారొకరు. కారులో ఏసీ వేసి పడుకోబెడితే అదే దిగుతుందన్నారు. పెదాలు చూస్తే నాకు భయమేసింది. చైర్మన్ గారు లారీల దగ్గరున్నారు. అడిగితే ఆపుతారని అడక్కుండా తెచ్చేశాం."

నేను కుర్రాడి వైపు తిరిగాను. "నువ్వు తాగావా?"

తండ్రి వైపు చూశాడు. తరవాత నేల వైపు చూశాడు. "ఒక గ్లాసు తాగానండి. తాగమని ఆళ్ళే ఇచ్చారు. చేదుగా ఉందని ఇంక తాగలేదండి." తండ్రి వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. కుర్రాడు కదల్లేదు.

అప్పుడే రెండు కార్లు వచ్చాయి. చైర్మన్ గారు, ఆయన భార్య, ఆయన తల్లి గారు, బావమరిది. కొడుకు కళ్ళు తెరిచాడని తెలిసేదాకా ఆయన మా వార్డు బాయ్‌ని కూడా చేతులు పట్టుకుని బతిమాలారు. ఆ కాసేపూ ఆయన ఉత్త తండ్రి. చూస్తే జాలేసింది నాకు. గండం గడిచిందని డాక్టరు గారు చెప్పగానే మళ్ళీ చైర్మన్ అయిపోయారు. వరండాలోకొచ్చి, ఆస్పత్రి ఔట్‌పోస్టులో ఉండే కానిస్టేబుల్ని పిలిచారు.

"వీడేనండి," అని రేవు పేట కుర్రాణ్ణి చూపించారు. "వీడే మా వాడికి మందు అలవాటు చేశాడు. వీడి మీదా, వీళ్ళ నాన్న మీదా కేసు రాయండి. రేపటి నుంచి మన చెరువుల్లో వీళ్ళ పేట మనిషి ఒక్కడు దిగితే ఒట్టు."

తండ్రి చేతులు జోడించాడు. మా ప్రాంతంలో చెరువు పని పోవడమంటే పొయ్యి ఆరిపోవడమే. పరీక్షల ముందు పోలీసు కేసు పడితే ఆ కుర్రాడి చదువు అక్కడితో సరి.

ఇంతలో డాక్టరు గారు కేసు షీటు పట్టుకుని వచ్చారు. గండం గడిచాక ఆయన కూడా పాత మనిషి అయిపోయారు. "చైర్మన్ గారండి, ఏం రాయమంటారు?"

"ఫుడ్ పాయిజన్ అని రాయండి డాక్టరు గారూ. పొద్దున్న పెరుగన్నం తిన్నాడు."

కానిస్టేబులు అమాయకుడో, ఆరితేరినవాడో నాకు ఈ రోజుకీ తెలీదు. పెన్ను తీసి, కాగితం మీద పెట్టి, "అంటే ఆ పెరుగన్నం ఈ కుర్రాడు పెట్టాడాండి?" అన్నాడు.

మా వార్డు బాయ్ దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

నేను మాట్లాడాల్సిన పని లేదు. హెడ్ సిస్టర్‌కి కేసులతో సంబంధం లేదు. కానీ ఆ తండ్రి జోడించిన చేతులు ఇంకా దించలేదు. అది చూసి ముందుకొచ్చాను.

"చైర్మన్ గారండి, తప్పుగా అనుకోకండి. రెండిట్లో ఏదో ఒకటి అనుకుందామండి. పెరుగన్నమైతే ఈ కుర్రాడి తప్పేం లేదు, ఇంటికి పంపించేద్దాం. మందైతే డాక్టరు గారు మందని రాస్తారు. అప్పుడు ఆ సీసా ఎవరు కొన్నారు, ఎవరి షెడ్డులో విప్పారు, పిల్లాడికి ఎవరు పోశారు, అన్నీ రాయాల్సొస్తుంది."

"మందు అంటారేంటండి," అన్నాడు బావమరిది. ఆయనకి కూడా కాస్త తూలుగానే ఉంది. "బీరండి అది. బీరు మందు కిందికి రాదు. బార్లీ నీళ్ళు."

చైర్మన్ గారు ఆయన వైపు తిరిగారు. "నువ్వా పోశావు?"

"పోశాననుకోండి బావగారూ. అందరం కూర్చున్నాం, వాణ్ణి ఒక్కణ్ణే పక్కన పెట్టడం ఏం బాగుంటుంది. అయినా నేను కొత్తగా నేర్పిందేం లేదు. కిందటేడు కొత్తింటి గృహప్రవేశంలో మొదటి గుక్క మీరే కదా తాగించారు. 'ఇప్పుడు మగాడివయ్యావురా' అని మీరే అంటే మేమంతా ఫొటోలు కూడా తీశాం." ఫోను తీసి వెతకబోయాడు. చైర్మన్ గారి చూపు చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అది వేరు సిస్టర్ గారూ," అన్నారు చైర్మన్ గారు నాతో. గొంతు కొంచెం దిగింది. "బయట ఎవరితోనో తాగేకన్నా మన కళ్ళముందు ఒకసారి రుచి చూస్తే మోజు తీరిపోతుందని."

"తీరిందాండి?" అన్నాను.

ఆయన ఏదో అనబోయారు. అంతలో వాళ్ళ అమ్మగారు అందుకున్నారు. బెంచీ మీద కూర్చుని అంతసేపూ కళ్ళు తుడుచుకుంటున్న పెద్దావిడ. "ఒక గుక్కకే పిల్లాడు చెడిపోతాడా అమ్మా. చిన్నప్పుడు రొంప పట్టినప్పుడల్లా నేనే చెంచాడు బ్రాందీ పట్టేదాన్ని వాడికి. హాయిగా నిద్రపోయేవాడు. ఇదుగో, వాళ్ళ నాన్నకీ చిన్నప్పుడు అలాగే పట్టాను. వీడికేమైంది?"

మేమంతా ఆ 'వీడి' వైపు, అంటే చైర్మన్ గారి వైపు చూశాం.

కానిస్టేబులు పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. "ఇంతకీ ఎవరి పేరు రాయమంటారండి? వరస ప్రకారం చూస్తే మామ్మ గారి పేరు ముందు రావాలి."

చైర్మన్ గారు నన్ను ఒక్క చూపు చూశారు. "సిస్టర్ గారూ, మీకు ట్రాన్స్‌ఫర్ కావాలా?"

"పట్టిసీమ అవతల కొండల్లో వేయించినా వెళ్తానండి. కాకపోతే ఎందుకు వేశారని నలుగురూ అడుగుతారు. ఏం చెప్పాలో అది కూడా మీరే చెప్పండి."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు. తరవాత డాక్టరు గారితో, "పెరుగన్నమే" అన్నారు. కానిస్టేబులు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు బైకు మెట్లు దింపుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకి ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఒక ప్రాణాన్ని తెచ్చి అప్పగించినందుకు ఆ రోజు వాళ్ళకి దక్కిన బహుమానం కేసు లేకపోవడం.

నేను అక్కడితో వదల్లేదు. డిశ్చార్జి రోజున చైర్మన్ గారితో చాలా వినయంగా అన్నాను. "ఫుడ్ పాయిజన్ కేసు కాబట్టి ఆహారం గురించి కౌన్సెలింగ్ తప్పనిసరండి. అబ్బాయిని వారం వారం పంపించండి." రికార్డులో ఆయనే రాయించుకున్న మాట కాబట్టి కాదనలేకపోయారు. అలా మా గదికి మొదటి మనిషి వచ్చాడు. పుర్రె పోస్టరు ముందే పీకి పారేశాను.

మొదటి వారాలు వాడు నోరు విప్పలేదు. తల్లి తీసుకొచ్చి, బయట బెంచీ మీద కూర్చునేది. ఆ రోజు వరండాలో అందరూ మాట్లాడారు కదా, ఒక్క మాటా మాట్లాడనిది ఆవిడే. నేను ట్రైనింగులో చెప్పినవన్నీ కుర్రాడికి చెప్పి చూశాను. లివరు బొమ్మ చూపించాను. వాడు ఆవలించాడు. దాంతో అవి పక్కన పెట్టి, ఒకరోజు మా కొబ్బరి చెట్ల గురించీ, క్రికెట్ గురించీ మాట్లాడుతూ, మామూలుగానే అడిగాను. "ఆ రోజు ఎందుకంత తాగావు బాబూ? నచ్చిందా?"

"నచ్చదండి. వాంతొస్తుంది."

"మరి?"

చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు. "నాకు లెక్కలు రావండి. మా పెదనాన్న గారి అబ్బాయికి ఎక్కడో పెద్ద సీటొచ్చిందండి. రోజూ వాడి పేరు చెప్పి తిడతారు. చెరువు పని చూస్తానంటే, నీకేం చేతనవునంటారు. ఇంట్లో నేనేం చేసినా ఎవరూ మెచ్చుకోరండి. ఆ రోజు గ్లాసు ఒక్క గుక్కలో ఎత్తేసరికి అందరూ ఈలలేశారు. మావయ్య భుజం తట్టాడు. నాన్న గారు కూడా దూరం నుంచి చూసి నవ్వారండి. ఇంకోటి తాగితే ఇంకా నవ్వుతారని..."

వాడు అక్కడ ఆగాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎందరికో సూదులు పొడిచాను, నాకు మాత్రం ఆ మాట గుచ్చుకున్నంతగా ఏదీ గుచ్చుకోలేదు. ట్రైనింగులో విన్న కారణాలన్నీ ఆ రెండు మాటల్లో ఉన్నాయి. సీసా ఇంట్లో ఉంది, పోసేవాళ్ళు సొంతవాళ్ళు, మెచ్చుకోలు దొరికే చోటు అదొక్కటే. ఇక రేవు పేట నుంచి ఎవరో వచ్చి చెడగొట్టాలా?

తలుపు సగం తీసే ఉంది. బెంచీ మీద తల్లి అంతా విన్నది. ఆ రోజు కొడుకుని ఆటోలో కూర్చోబెట్టి, మళ్ళీ లోపలికొచ్చి, "బీపీ చూస్తారా సిస్టర్ గారూ" అంది. బీపీ బాగానే ఉంది. ఆవిడకి కావాల్సింది బీపీ కాదు.

"ఆ గృహప్రవేశం రోజు నేనూ పక్కనే ఉన్నానండి," అంది. "వద్దనాలనిపించింది. అందరి ముందూ అంటే ఆయనకి చిన్నతనమని ఊరుకున్నాను. తల్లుల గారాబం వల్లే పిల్లలు పాడైపోతున్నారని మీ మీటింగులో చెప్పారంట కదా."

"చెప్పారండి. చప్పట్లు కూడా కొట్టారు."

ఆవిడ కొంచెం నవ్వింది. అప్పుడు మొదటిసారి చూశాను ఆవిడ నవ్వు.

తరవాత ఏం జరిగిందో ఊరంతా చెప్పుకున్నారు. ఆవిడ ఇంటికెళ్ళి, హాల్లో అద్దాల బీరువాలో వరసగా పెట్టిన ఫారిన్ సీసాలన్నీ పెరట్లో తూములో వంపేసింది. చైర్మన్ గారు కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడకి అది కొంచెం విశ్రాంతిగానే ఉందని నాతో చెప్పింది. తాగాలంటే బయట తాగి రండి, పిల్లాడి కళ్ళముందు వద్దని ఒక్క షరతు పెట్టింది. అత్తగారికి ఎదురు చెప్పిందనీ, చదువుకున్నదాన్ని చేసుకుంటే ఇంతేననీ బంధువులు ఆడిపోసుకున్నారు. పిల్లాడికి మందు పోసినప్పుడు ఆ బంధువుల్లో ఒక్కరికీ నోరు లేదు.

కుర్రాడు వెంటనే మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఆ వేసవిలో ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు. మర్నాడు వాడే వచ్చి చెప్పాడు. తిట్టలేదు నేను. ఎవరు పోశారని అడిగాను. ఎవరూ పొయ్యలేదు, తనే తీసుకున్నానన్నాడు. ఈసారి ఎవరూ ఈల కూడా వెయ్యలేదు, ఏడుపొచ్చింది అన్నాడు. అలా వస్తూనే ఉన్నాడు. ఏడాదికి పైగా వచ్చాడు. లెక్కల్లో గట్టెక్కించింది మాత్రం నేను కాదు, రేవు పేట కుర్రాడు. చైర్మన్ గారి అబ్బాయి సైకిలేసుకుని ఆ పేటకి వెళ్ళి లెక్కలు చెప్పించుకునేవాడు. తండ్రికి తెలుసు. తెలియనట్టు ఊరుకున్నారు. వల లాగే పని కూడా ఆ పేటకి పోలేదు. ఆయన మంచితనం అనను. వాళ్ళు లేకపోతే ఆ చెరువుల్లోంచి చేప ఒడ్డెక్కదు.

అబ్బాయి ఇప్పుడు ఫిషరీస్ డిప్లొమా చేస్తున్నాడు. రేవు పేట కుర్రాడు ఇంజనీరింగులో ఉన్నాడు. గదికి ఇంకొందరు కుర్రాళ్ళు వచ్చారు, కొందరు నిలబడ్డారు, ఒకడిని మేం నిలబెట్టలేకపోయాం. వాడి సంగతి ఇంకోసారి కూడా చెప్పను, నాకు చేతకాదు.

మొన్న ఏడాది నేను రిటైరయ్యాను. ఆస్పత్రి ఆవరణలో పగలే సన్మానం పెట్టారు. చైర్మన్ గారు నాకు శాలువా కప్పి, యువత కోసం కౌన్సెలింగ్ గది పెట్టాలన్న ఆలోచన మొదట తనదేనని చెప్పారు. డాక్టరు గారు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వారు. నేను చప్పట్లు కొట్టాను.

భోజనాలకి పెద్ద షామియానా వేశారు. దాని వెనక, మార్చురీ పక్కన, ఇంకో చిన్న షామియానా కూడా ఉంది. సిస్టర్ గారి రిటైర్మెంటు కదా, మర్యాదగా ఉండాలని దానికి పరదా కట్టారు. నేను చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళేసరికి, పరదా ముందు కుర్చీలో బావమరిది కూర్చుని ఉన్నాడు. లేవడం కొంచెం కష్టంగా ఉన్నట్టుంది. అటుగా వెళ్తున్న మేనల్లుణ్ణి పిలిచాడు.

"ఒరేయ్ అబ్బాయ్, లోపల్నించి నాకొక గ్లాసు పట్రా. నువ్వూ ఒకటి తెచ్చుకో, పర్లేదు."

వాడు ఆగాడు. ఇప్పుడు వాడికి నిజంగానే మీసాలొచ్చాయి. కోపంగా ఏమీ లేడు. "నేను వెళ్ళను మావయ్యా. మీక్కావాలంటే మీరే వెళ్ళి తెచ్చుకోండి," అని చెప్పి, వడ్డించే వాళ్ళ దగ్గరికి వెళ్ళి సాంబారు బకెట్టు అందుకున్నాడు.

బావమరిది వాడు వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయాడు. తరవాత కుర్చీ చేతులు పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి, ఎలాగో లేచాడు. నన్ను చూసి, చాలా బాధగా అన్నాడు.

"చూశారా సిస్టర్ గారూ. ఈ కాలం పిల్లలు ఎలా పాడైపోయారో. పెద్దాళ్ళంటే బొత్తిగా గౌరవం లేదండి."